పశువు గుండెకు గ్రుచ్చుకొను ఇనుపముక్క - గుర్తించు విధములు

పశువులకు గుండెజబ్బు అరుదు. గొంతువాపు, గాలికుంటు, పొదుగువాపు మొదలగు వ్యాధులను గూర్చి ప్రతి రైతుకును ఎంతో కొంత తెలియును. కాని పాడిపశువునకు గుండె చెడినదన్న చాలమంది నమ్మరు. అయినను మన ఆవులలోను, గేదెలలోను ఒక విచిత్రమైన గుండెజబ్బు కలదు. ఇది సూక్ష్మజీవి వలన మొదలగునది కాదు. వయస్సు వలన వచ్చునది కాదు. పశువు మేతతోపాటు మ్రింగిన ఒక మేకు, ఒక సూది, లేక వ్రేలెడు తీగముక్క కడుపును చీల్చుకొని ముందుకు సాగి గుండె చుట్టు ఉన్న సంచిలోనికి దూరుట వలన ఇది కలుగును.

ఈ జబ్బు గుండెకు చేరిన తరువాత పశువును బ్రతికించుట బహు కష్టము. గుండెకు చేరక పూర్వము గుర్తించినచో చాల పశువులను దక్కించుకొనవచ్చును. కావున లాభమంతయు త్వరగా గుర్తించుటలోనే ఉన్నది. ఒక్క గేదె పాలమీదనే ఇల్లు గడుపుకొను కుటుంబములు మన గ్రామములలో అనేకము కలవు. అట్టి కుటుంబమునకు ఆ గేదె పోవుట యన్న ఎంతటి నష్టమో వేరుగా చెప్పనక్కరలేదు. ఏ గుర్తులు చూచి అనుమానింపవలెనో, పశువైద్యుడు ఏ పరీక్షలు చేయునో, ఎక్స్‌రే, అల్ట్రాసౌండు వంటి యంత్రములు ఏమి చూపగలవో, ఏమి చూపలేవో ఈ వ్యాసములో వివరింపబడినది.

ఇనుపముక్క కడుపులోనికి పోవు విధము

మేకను గమనింపుడు. అది పెదవులతో ఒక్కొక్క ఆకును ఏరుకొని తినును. అందుచేత మేకలకు, గొఱ్ఱెలకు ఈ జబ్బు చాల అరుదు. ఆవు, గేదె అట్లు కాదు. అవి నాలుకతో గడ్డిని చుట్టి లాగుకొని, సరిగా నమలకయే మ్రింగును. తీరికగా పండుకొన్నప్పుడు నెమరువేయును. వాని నాలుక గరుకుగా ఉండును. దానిపై నున్న ముండ్లవంటి మొనలు గొంతువైపునకు వంగి యుండును. కావున ఒకసారి నోటిలోనికి పోయిన తీగముక్కను ఉమ్మివేయుట పశువునకు సాధ్యము కాదు.

పశువు కడుపులో నాలుగు గదులు కలవు. మొదటిది పెద్దపొట్ట. దానికి ముందు భాగమున, దిగువగా, లోపలివైపు తేనెపట్టు గళ్ళవలె కనిపించు చిన్న గది యొకటి కలదు. దీనిని జాలకము అందురు. మ్రింగిన వస్తువులలో బరువైనవి, అనగా మేకులు, రాళ్ళు, తీగలు ఇందులోనికే చేరును. మొద్దుగా ఉండు మరలు, నట్లు వంటివి అచ్చటనే ఏండ్ల తరబడి పడియుండి, ఏ హానియు చేయకపోవచ్చును. మొన గల సూది, తీగ, మేకు మాత్రము ప్రమాదకరము.

కడుపు నుండి గుండెకు

జాలకమునకు ముందు ఉదరవితానము అను కండరపు పొర కలదు. కడుపును రొమ్ము నుండి వేరుచేయునది ఈ పొరయే. దానికి ఆవల గుండె ఉన్నది. జాలకమునకు, గుండెకు నడుమ దూరము కొద్ది అంగుళములు మాత్రమే.

జాలకము ఊరకుండునది కాదు. అది సుమారు నిమిషమునకు ఒకసారి గట్టిగా ముడుచుకొనును. అనగా రేయింబవళ్ళు కలిపి వెయ్యి సార్లకు మించి ముడుచుకొనును. ముడుచుకొనిన ప్రతిసారియు లోపలి తీగ మొన గోడలోనికి గ్రుచ్చుకొనుచు కొద్దికొద్దిగా ముందుకు జరుగును. పశువు నిండుచూడితో ఉన్నప్పుడు గర్భము ముందుకు నెట్టుట వలనను, ఈనునప్పుడు ముక్కుట వలనను ఈ ఒత్తిడి మరింత హెచ్చును. అందుచేతనే ఈనికకు ముందు వెనుకల ఈ జబ్బు బయటపడుట తరచుగా చూచుచుందుము.

గ్రుచ్చుకొనిన ప్రతి తీగయు గుండెకే పోవునని తలంపరాదు. కొన్ని జాలకపు గోడలోనే నిలిచిపోవును. కొన్ని కాలేయములోనికి గాని, ప్లీహములోనికి గాని, ఊపిరితిత్తులలోనికి గాని పోయి అచ్చట చీముగడ్డను కలిగించును. నేరుగా ముందుకు సాగినవి గుండె సంచిని చేరును. తీగతోపాటు కడుపులోని మలినము, సూక్ష్మజీవులు కూడ ఆ సంచిలోనికి పోవును. సంచిలో దుర్వాసన గల నీరు, చీము నిండును. గుండె చుట్టు చీము నిండినపుడు గుండె విచ్చుకొనుటకు చోటు చాలదు. చోటు చాలని గుండె రక్తమును సరిగా లోనికి తీసుకొనలేదు. ఈ ఒక్క సంగతిని జ్ఞాపకముంచుకొన్నచో తరువాత చెప్పబోవు గుర్తులన్నియు తేలికగా అర్థమగును.

మొదటి దశ: తీగ గ్రుచ్చుకొనిన దినములు

నిన్న సాయంకాలము వరకు ఎనిమిది లీటర్లు ఇచ్చిన గేదె ఈ ఉదయము రెండు లీటర్లే ఇచ్చినదనుకొనుడు. పొదుగున వాపు లేదు. దాణా మార్చలేదు. మేత ముట్టదు, నెమరు మానినది. ఇట్లు ఒక్కపూటలో అకస్మాత్తుగా పాలు పడిపోవుట మొదటి గుర్తు. దీనితోపాటు ఈ క్రింది వానిని చూడవలెను.

1. పశువు వీపు విల్లువలె పైకి వంచి నిలుచుండును. ముందుకాళ్ళ మోచేతులు రొమ్మునకు దూరముగా, బయటకు పెట్టి నిలుచుండును.

2. కదలుటకు ఇష్టపడదు. పల్లమునకు దిగుటకు మరింత వెనుకాడును. పల్లములో కడుపు బరువు ముందుకు వచ్చి గ్రుచ్చుకొనిన చోట నొప్పి కలుగుటయే దీనికి కారణము.

3. పండుకొనునప్పుడు, లేచునప్పుడు, పేడ వేయునప్పుడు, మూత్రము పోయునప్పుడు మూలుగును.

4. పేడ తక్కువగాను, గట్టిగాను ఉండును. ఎడమ డొక్క కొద్దిగా ఉబ్బవచ్చును. డొక్కపై అరచేయి ఆనించినచో పెద్దపొట్ట కదలిక తెలియదు, లేదా చాల మందగించి యుండును.

5. కొద్దిపాటి జ్వరముండును. ఆవునకు సహజమైన వేడి సుమారు 101.5 డిగ్రీల ఫారెన్‌హీటు. ఈ దశలో 103 లేక 104 డిగ్రీల వరకు ఉండవచ్చును.

ఇంటివద్ద చేయదగిన చిన్న పరీక్ష యొకటి కలదు. పశువు మూపుమీది చర్మమును రెండు చేతులతో గట్టిగా పట్టి పైకి లాగవలెను. ఆరోగ్యముగా ఉన్న పశువు వెంటనే వీపును క్రిందికి వంచును. తీగ గ్రుచ్చుకొనిన పశువు వీపు వంచదు. వంచినచో నొప్పి కావున బిగబట్టి నిలుచుండి మూలుగును. ఈ మూలుగు ఒక్కొక్కప్పుడు చాల సన్నగా ఉండును. గొంతువద్ద చెవి పెట్టి వినినచో తెలియును. పశువు బెదరునది యైనచో ఈ పరీక్షను వైద్యునికే వదలుట మంచిది.

పశువైద్యుడు దీనికి మించి కర్రపరీక్ష చేయును. ఇద్దరు మనుష్యులు పశువునకు అటునిటు నిలిచి, ఒక గుండ్రని కర్రను రొమ్ముటెముక చివర క్రిందుగా పట్టి మెల్లగా పైకెత్తుదురు. మూడవవాడు గొంతువద్ద వినును. జాలకమున్న చోట ఎత్తినప్పుడు మూలిగి, వేరొక చోట ఎత్తినప్పుడు మూలుగనిచో అనుమానము బలపడును.

మోసగించు మధ్య దశ

ఈ వ్యాసములో రైతులు ముఖ్యముగా జ్ఞాపకముంచుకొనవలసినది ఈ దశను గూర్చియే. మూడు నాలుగు దినములు గడచిన తరువాత పశువు కొంత తేరుకొన్నట్లు కనిపించును. కొద్దిగా మేయును. జ్వరము తగ్గును. మూలుగు తగ్గును. ఇంటిల్లిపాదియు ఊరట చెందుదురు. ఏ ఆకుపసరు పోసియుండిరో దానికే ఆ గుణమును ఆపాదింతురు. వైద్యుని పిలువనక్కర లేదని నిశ్చయింతురు.

నిజమునకు లోపల జరిగినది వేరు. తీగ గ్రుచ్చుకొనిన చోట శరీరము జిగురువంటి పదార్థమును చేర్చి, కడుపును చుట్టుప్రక్కల పొరలకు అతికించును. అందుచే నొప్పి తగ్గును. కొన్ని పశువులలో జబ్బు ఇంతటితో ఆగిపోవుటయు కలదు. కాని తీగ లోపలనే యున్నది; జాలకము నిమిష నిమిషమునకు ముడుచుకొనుచునే యున్నది. కొన్నిటిలో వారము పది దినములకే, కొన్నిటిలో అనేక వారముల తరువాత, తీగ గుండె సంచిని చేరును.

తేరుకొన్న పశువునకు, తేరుకొన్నట్లు కనిపించు పశువునకు భేదమెట్లు తెలియును? పాలను కొలిచి చూడుడు. నిజముగా తేరుకొన్న పశువు చాలవరకు తిరిగి పాలకు వచ్చును. ఈ పశువు మేయుచున్నను పాలు మునుపటివలె రావు. మేత ఒకనాడు తినును, ఒకనాడు మానును. మాటిమాటికి కడుపు ఉబ్బును. రోమములు నిగనిగలాడవు. నడక బిగుసుకొని యుండును. ఇట్లున్నచో పశువు కోలుకొన్నదని భావింపక, తప్పక వైద్యునకు చూపవలెను.

గుండెకు తగిలిన పిమ్మట కనిపించు గుర్తులు

గుండెకు చోటు చాలనప్పుడు శరీరము నుండి తిరిగి వచ్చు రక్తము వాకిట నిలిచిన జనమువలె వెనుకనే ఆగిపోవును. దాని ఫలితములు బయటకు ఇట్లు కనిపించును.

మెడ రక్తనాళము: మెడకు ఇరుప్రక్కల దిగువగా ఉండు పెద్ద రక్తనాళము మామూలుగా కంటికి కనిపించదు. ఈ జబ్బులో అది పలుపుత్రాడువలె ఉబ్బి, పశువు తలయెత్తి నిలుచున్నను స్పష్టముగా కనిపించును. దీనిని పరీక్షించు విధము: మెడ నడుమ ఆ రక్తనాళమును బొటనవ్రేలితో అదిమిపట్టవలెను. ఆరోగ్యవంతమైన పశువులో వ్రేలికి పైన తలవైపు ఉబ్బును. వ్రేలికి దిగువ గుండెవైపు ఖాళీ యగును. జబ్బు పశువులో దిగువ భాగము కూడ ఉబ్బియే యుండును. ఏలన, రక్తమును లోనికి తీసుకొనుటకు గుండెకు శక్తి చాలకున్నది.

గంగడోలు వాపు: ముందుకాళ్ళ నడుమ రొమ్మునందు, గంగడోలునందు, దవడ క్రింద నీరు చేరును. ఈ వాపు చల్లగా ఉండును. వ్రేలితో అదిమి తీసినచో ముద్దపై నొక్కినట్లు గుంట పడి కొంతసేపు నిలుచును.

గుండె చప్పుడు: ఎడమ మోచేతి వెనుక రొమ్మునకు చెవి ఆనించి వినవలెను. ఆరోగ్యముగా ఉన్నప్పుడు రెండు చప్పుళ్ళు జంటగా, స్పష్టముగా వినిపించును. ఈ జబ్బు మొదట తోలును తోలు రాచినట్లు వినిపించును. సంచిలో నీరు, గాలి చేరిన తరువాత సగము నిండిన కుండను కుదిపినట్లు, కవ్వముతో మజ్జిగ చిలికినట్లు వినిపించును. ఈ చిలుకు చప్పుడు వినిపించినచో జబ్బును గూర్చి సందేహము దాదాపు ఉండదు. చీము గట్టిపడిన తరువాత గుండె చప్పుడు దూరమునుండి వచ్చినట్లు మిక్కిలి మందముగా ఉండును.

నాడి: తోక మొదట, అడుగువైపున వ్రేళ్ళు పెట్టి నాడిని లెక్కింపవచ్చును. విశ్రాంతిగా ఉన్న ఆవునకు నాడి నిమిషమునకు సుమారు 60 నుండి 80 వరకు ఉండును. ఈ జబ్బులో తరచుగా నూరు దాటును, బలహీనముగాను ఉండును.

ఇతర జబ్బులతో పొరబడరాదు

గంగడోలు గాని, దవడ క్రింద గాని వాచిన ప్రతి పశువునకు గుండెజబ్బే యని తలంపరాదు.

గొంతువాపు వ్యాధిలో వాపు వేడిగాను, నొప్పిగాను ఉండును. జ్వరము 104 నుండి 107 డిగ్రీల వరకు ఉండును. పశువు గురక పెట్టును. గంటలలోనే, లేక ఒకటి రెండు దినములలోనే ప్రాణము మీదికి వచ్చును. ఇది ఎక్కువగా వానకాలములో మందలో అనేక పశువులకు వచ్చును. ఇనుపముక్క జబ్బు ఒకే పశువునకు, ఏ ఋతువులోనైనను వచ్చును.

కాలేయపు జలగ వలన కూడ దవడ క్రింద చల్లని నీటివాపు వచ్చును. కాని ఆ పశువు కనురెప్పల లోపలిభాగము తెల్లగా పాలిపోయి యుండును, తరచుగా పారుచుండును. మెడ రక్తనాళము ఉబ్బదు. చెరువు, కాలువ గట్లను మేయు పశువులలో ఇది హెచ్చు.

గేదెలలో మరియొక చిక్కు కలదు. ఉదరవితానము చిరిగి జాలకమే రొమ్ములోనికి జారుట గేదెలలో కనిపించును. మేత మానుట, మాటిమాటికి ఉబ్బుట, పేడ తగ్గుట ఇందులోను ఉండును. బయటి గుర్తులతో మాత్రమే ఈ రెంటిని వేరుచేయుట కష్టము. ఇట్టి చోట్ల యంత్రసాధనములు మిక్కిలి ఉపకరించును.

యంత్రములు ఏమి చూపును?

ఎక్స్‌రే: 1895లో జర్మనీ దేశమున రాంట్‌జెన్ అను శాస్త్రజ్ఞుడు ఈ కిరణములను కనుగొనెను. ఈ కిరణములు మాంసము గుండా పోవును. ఇనుము గుండా పోలేవు. కావున చిత్రములో తీగముక్క తెల్లని గీతవలె స్పష్టముగా కనిపించును. పశువును నిలువబెట్టి ప్రక్కనుండి చిత్రము తీయుదురు. పెద్ద పశువు దేహము మందమైనది గావున దీనికి శక్తివంతమైన యంత్రము కావలెను. చిన్న యంత్రములు చాలవు.

చిత్రములో తీగ కనిపించినంత మాత్రమున జబ్బు నిర్ణయమైనట్లు కాదు. ఆరోగ్యముగా పాలిచ్చుచున్న అనేక పశువుల జాలకములో ఇనుపముక్కలు పడియుండును. తీగ జాలకము అడుగున చదునుగా పడియున్నదా, లేక అడుగునుండి పైకి లేచి ఏటవాలుగా నిలిచి గోడను దాటినదా అనునది చూడవలెను. పైకి లేచి ముందునకు చూచుచున్న తీగ అపాయకరము. ఉదరవితానము చిరిగిన గేదెలో జాలకము రొమ్ములోనికి జారుటయు చిత్రములో గుర్తింపవచ్చును.

అల్ట్రాసౌండు: ఇది చెవికి వినబడని ధ్వని తరంగములను దేహములోనికి పంపి, తిరిగివచ్చు ప్రతిధ్వనులతో బొమ్మను గీయు యంత్రము. ప్రక్కటెముకల నడుమ రోమములను గొరిగి, జిగురు పూసి, యంత్రపు చేతిపిడిని ఆనించి చూతురు. పశువునకు నొప్పి లేదు. గుండె చుట్టు నీరు చేరినదా, ఆ నీటిలో దారపు పోగులవంటి చీము తునకలు తేలుచున్నవా, గుండె ఎంతవరకు విచ్చుకొనుచున్నది అను విషయములు కంటికి కట్టినట్లు కనిపించును. జాలకము నిమిషమునకు ఎన్నిసార్లు కదలుచున్నది, దాని చుట్టు పొరలు అతుకుకొన్నవా అనునది కూడ తెలియును. కాని తీగముక్కను ఈ యంత్రము తరచుగా చూపలేదు. ఏలన, జాలకములోని గాలి ధ్వనిని అడ్డగించును.

కావున ఎక్స్‌రే ఇనుమును చూపును. అల్ట్రాసౌండు ఇనుము చేసిన హానిని చూపును. రెండును ఒకదానికొకటి తోడు.

లోహశోధకము: రొమ్ము క్రింద త్రిప్పినచో లోపల ఇనుము ఉన్నచో మ్రోగు సాధనము ఇది. ఇనుము ఉన్నదని చెప్పును గాని, గ్రుచ్చుకొనినదో లేదో చెప్పలేదు. పూర్వము అయస్కాంతము మ్రింగించిన పశువైనను ఇది మ్రోగును. కావున దీనిమీదనే ఆధారపడరాదు.

ఇట్లు ప్రతి సాధనమునకును ఒక హద్దు కలదు. గుర్తులను, చిత్రములను కలిపి చదివినప్పుడే నిర్ణయము సరియగును. పశువును ప్రతిదినము చూచునది రైతు, ఇంటి స్త్రీలు. వైద్యుడు చూచునది ఒక్క గడియ. పాలు ఏనాడు తగ్గినవి, ఏనాడు మూలిగినది, ఎప్పుడు ఈనినది, ఇంటివద్ద ఇటీవల కట్టడపు పని జరిగినదా అను వివరములను మీరు చెప్పినచో వైద్యుని పని సగము తీరును. పాలలెక్క ఒక పుస్తకములో వ్రాసి యుంచు అలవాటు ఇచ్చట ఎంతో మేలు చేయును.

తిరుపతి, గన్నవరము, రాజేంద్రనగరములలోని పశువైద్య కళాశాలలకు అనుబంధముగా చికిత్సాలయములు కలవు. అవసరమైన యంత్రము దగ్గరలో ఎచ్చట అందుబాటులో ఉన్నదో మీ పశువైద్యుని ద్వారా ముందుగా తెలిసికొని, ఆ తరువాతనే పశువును తరలింపవలెను. గతుకుల దారిలో కుదుపులు ఈ పశువునకు మంచివి కావు.

చికిత్స

మొదటి దశలో రెండు మార్గములు కలవు. మొదటిది, వైద్యుడు అయస్కాంతమును మ్రింగించి, సూక్ష్మజీవులను చంపు మందులిచ్చి, పశువును కదలనీయక కట్టివేయించుట. ముందుకాళ్ళ క్రింద మన్ను గాని, పలకలు గాని వేసి జానెడు ఎత్తు చేసినచో కడుపు బరువు వెనుకకు పోయి, తీగ ముందుకు సాగుట తగ్గును. రెండవది శస్త్రచికిత్స. ఎడమ డొక్కకు మత్తు సూది వేసి, పశువును నిలువబెట్టియే డొక్కను, పెద్దపొట్టను కోసి, చేయి లోనికి పోనిచ్చి జాలకము నుండి తీగను వైద్యుడు తీయును. వినుటకు భయము గొలిపినను, సకాలములో చేసినచో చాల పశువులు కోలుకొని తిరిగి పాలిచ్చును. సూక్ష్మజీవులను చంపు మందులు వాడిన పశువు పాలను వైద్యుడు చెప్పిన గడువు తీరువరకు అమ్మరాదు, త్రాగరాదు.

గంగడోలు వాచి, మెడ రక్తనాళము ఉబ్బిన తరువాత ఆశ బహు స్వల్పము. ప్రక్కటెముకను తొలగించి గుండె సంచిని శుభ్రపరచు శస్త్రచికిత్స ఉన్నను, దక్కు పశువులు తక్కువ. ఆ దశలో అప్పు తెచ్చి ఖర్చు పెట్టుటకు ముందు వైద్యుని అభిప్రాయమును స్పష్టముగా అడిగి తెలిసికొనుడు.

చేయరాని పనులు: ఇట్టి పశువునకు బలవంతముగా నూనెలు, కషాయములు గొట్టముతో పోయరాదు, అవి ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. వాతలు పెట్టరాదు. అరుగుటకని పరుగెత్తించి నడిపింపరాదు.

రాకుండ చూచుకొనుట

ఈ జబ్బునకు టీకా లేదు. శుభ్రతయే టీకా. ఇనుము పశువు నోటికి చేరు దారులను మూసివేయవలెను.

ఇల్లు కట్టునప్పుడు ఊచలను కట్టు సన్నని బైండింగు తీగముక్కలు ఇసుకలో, గడ్డిలో కలిసిపోవును. పని ముగిసిన తరువాత ఒక పెద్ద అయస్కాంతమును త్రాటికి కట్టి ఆవరణయంతయు ఈడ్చినచో అవి దానికి అంటుకొని వచ్చును. తవుడు, చెక్క బస్తాలను కుట్టు దబ్బనములు, సూదులు లెక్కపెట్టి దాచుకొనవలెను. కుడితి తొట్టిలో కూరగాయ తొక్కలతోపాటు పిన్నీసులు, గుండుసూదులు పడకుండ ఇంటి ఆడువారు గమనింపవలెను. ముళ్ళతీగ కంచెను బాగుచేసినప్పుడు తెగిన ముక్కలను అచ్చటనే విడువరాదు.

భోగి మంటలలో పాత టైర్లను కాల్చు అలవాటు కొన్నిచోట్ల కలదు. టైరు కాలిపోయినను దానిలోని సన్నని ఉక్కు తీగలు బూడిదలో మిగిలిపోవును. ఆ బూడిదను పెంటకుప్పలో వేసినచో, అచ్చటినుండి పొలమునకు, పొలము నుండి గడ్డికి ఆ తీగలు చేరును. పొగ వలన కలుగు చెరుపు దీనికి అదనము. అదే విధముగా సైలేజి గుంతలపై బరువుకై వేయు పాత టైర్లు చివికి, తీగలు బయటపడినచో వెంటనే తీసివేయవలెను.

గడ్డిని ముక్కలు చేయు యంత్రము వాడువారు మరింత జాగ్రత్త వహింపవలెను. గడ్డిలోని పొడవాటి తీగ ఒక్కటి, యంత్రములో పడి మొన గల పది ముక్కలగును. గడ్డి పెట్టుటకు ముందు విదిలించి చూడవలెను. యంత్రము నోటివద్ద అయస్కాంతమును బిగించుట మేలు.

పెయ్యకు సుమారు ఏడాది వయస్సు వచ్చిన తరువాత పశువైద్యునిచే కడుపు అయస్కాంతమును మ్రింగించుట మరియొక మార్గము. ఇది వ్రేలంత పొడవు గల నున్నని అయస్కాంతము. జాలకమునకు చేరి జీవితాంతము అచ్చటనే యుండి, తరువాత మ్రింగిన ఇనుపముక్కలను తనకు అంటించుకొని మొన గ్రుచ్చుకొనకుండ పట్టియుంచును. ఒక పశువునకు ఒక్కటి చాలును. లోపల ఒకటి ఉన్నదో లేదో దిక్సూచిని రొమ్మువద్ద పట్టి తెలిసికొనవచ్చును. ఉన్నచో ముల్లు తిరుగును. రాగి, అల్యూమినియము తీగలను అయస్కాంతము పట్టదు. అప్పటికే గోడలో లోతుగా దిగిన తీగను లాగి తీయనులేదు. కావున అయస్కాంతము ఉన్నదని శుభ్రతను మానరాదు.

గ్రామాధికారులకు మనవి

గ్రామములో కట్టడములు, రోడ్లు, విద్యుత్ పనులు జరిగినప్పుడు తీగముక్కలను ఏరించి అప్పగించు బాధ్యతను పని చేయించువారిపై పెట్టవలెను. పశువులు మేయు బంజరులో చెత్తకుప్పలు వేయనీయరాదు. ఈ గుర్తులతో పశువు చనిపోయినచో శవపరీక్ష చేయించుటకు ప్రోత్సహింపవలెను. గుండె సంచిలో దొరికిన ఒక్క తీగముక్కను చూచినచో, ఆ ఇంటి తక్కిన పశువులకు ఏ వస్తువు వలన అపాయమున్నదో తెలియును. బీమా చేసిన పశువైనచో చెవి పోగును తీయకుండ బీమా సంస్థకు, పశువైద్యునికి వెంటనే తెలియజేయునట్లు చూడవలెను. సంచార పశువైద్య వాహనమును పిలుచు 1962 నంబరును పంచాయతీ కార్యాలయపు గోడపై పెద్ద అక్షరములతో వ్రాయింపుడు.

ముగింపు

రైతు సోదర సోదరీమణులారా! ఒక్కపూటలో పాలు పడిపోయి, వీపు వంచి, మూలుగు పశువును చూచినచో, మూడు దినములు వేచి చూతమనుకొనకుడు. ఆ మూడు దినములే దానిని దక్కించుకొను కాలము. నాలుగవనాడు అది మేత ముట్టినను, పాలు మునుపటివలె రాకున్నచో వైద్యుని పిలువుడు. గంగడోలు వాచువరకు ఆగినచో ఏ యంత్రమైనను జరిగిన నష్టమును చూపగలదే గాని తీర్చలేదు. నేడే మీ కొట్టమును, గాడిని, గడ్డివామి చుట్టుప్రక్కలను ఒక్కసారి వెదకి, దొరికిన ప్రతి మేకును, తీగను, సూదిని ఒక డబ్బాలో వేసి భద్రపరచుడు.